రెండో శంఖం

జూలై 4, మంగళవారం

నిన్న సాయంత్రం ప్రార్థన వేళ రోడ్డు మీద నడుస్తున్నందుకు ఇయెలెమియాను కొట్టాను. ఒకటే దెబ్బ.

నియమం నేను పెట్టింది కాదు, తాతల నాటిది. మొదటి శంఖం ఊదితే అందరూ ఇళ్ళకు చేరాలి. రెండో శంఖానికి మోకరించాలి. మూడోది వినపడేదాకా ఊళ్ళో ఎవరూ కాలు బయట పెట్టకూడదు. పాకే పిల్లలకు కూడా తెలిసిన సంగతి, ఇరవై నాలుగేళ్ళవాడికి తెలియదా? ఊరి కావలి పెద్దను నేనే, శంఖం ఊదేదీ నేనే, చర్చిలో డీకన్నూ నేనే. చూసీ చూడనట్టు వదిలేస్తే రేపు ప్రతివాడూ ప్రార్థన వేళలో షికారుకు బయల్దేరతాడు.

కోపం ఉన్నవాడు రోజూ ఏం చేశాడో, ఎవరికి చేశాడో రాసుకోవాలని పాస్టరుగారు పురుషుల కూటంలో చెప్పారు. ఎవరికీ చూపించక్కర్లేదట, అబద్ధం మాత్రం రాయకూడదట. ఈ నోటుబుక్కు అందుకే కొన్నాను. కోకో గింజలు ఆరబెట్టే పాక వెనక కూర్చుని, మధ్యాహ్నం భోజనమయ్యాక రాస్తున్నాను. ఈ వేళప్పుడు ఇటు ఎవరూ రారు.

ఎవరిని కొట్టాను: ఇయెలెమియాను. ఎందుకు: ప్రార్థన వేళను మీరినందుకు. అంతే.

జూలై 5

వాణ్ణి ఓడలో అవతలి ద్వీపం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారట. ఎడమ కన్ను వాచి మూసుకుపోయిందట. పడ్డప్పుడు రాయి తగిలి ఉంటుంది.

జూలై 6

నాతో పాటు కావలి కాసే పెటేలో ఇవాళ కొబ్బరికాయలు వలుస్తూ అన్నాడు. "సోమవారం నీ ఊపిరితిత్తులు మాంచి జోరు మీదున్నాయ్ రా లఫాయేలే. మొదటిదీ రెండోదీ వెంటవెంటనే లాగించేశావ్. మా ఆవిడ ఇంకా తీగ మీద బట్టలు తీస్తూనే ఉంది పాపం, తడి లావలావా భుజానేసుకునే మోకరించింది."

"నీ చెవులు ముసలివైపోయాయి," అన్నాను.

"అయ్యుంటాయ్ లే," అన్నాడు. ఆ తర్వాత కాయ మీద నుంచి తల ఎత్తలేదు.

వాడికి లెక్కలు రావు. బడిలో కూడా రాలేదు.

జూలై 8, శనివారం

ఊరి పెద్దల సభ జరిగింది. పెద్దలంతా ఎవరి స్తంభానికి వాళ్ళు ఆనుకుని కూర్చున్నారు. ఇయెలెమియా ప్రార్థన వేళను అపవిత్రం చేశాడు గనుక వాడి కుటుంబం ఒక ఆడపందినీ, వంద చేమదుంపలనూ ఊరికి ఇచ్చుకోవాలన్నారు.

వాడి తల్లి మకెలీత విధవరాలు. సభలో ఆడవాళ్ళు మాట్లాడకూడదు. అయినా సభ జరిగే ఇంటి అంచున నిలబడి అరిచింది. "నా కొడుకు చేతిలో కత్తి లేదయ్యా! చాపుంది! పెళ్ళి మాటకి తీసుకెళ్ళే చాప! చాప పట్టుకున్నోణ్ణి కొడతారా?"

ఎవరో ఆమెను పక్కకు తీసుకుపోయారు. ఎవరి పెళ్ళి మాట అని ఒక్కరూ అడగలేదు. శంఖం సంగతి కూడా అడగలేదు. డీకన్ను ఎవరడుగుతారు?

జూలై 9, ఆదివారం

ఇవాళ ప్రార్థన చేయడం నా వంతు. తెల్లచొక్కా, నడుముకు తెల్ల లావలావా కట్టుకుని నిలబడ్డాను. ఇయెలెమియా పేరెత్తి వాడి కన్ను కోసం ప్రార్థించాను. ఆడవాళ్ళ వరసలో ఏడుపులు వినిపించాయి. పాస్టరుగారు బయటికొచ్చాక నా రెండు చేతులూ పట్టుకున్నారు. శత్రువును ప్రేమించడమంటే ఏమిటో ఈ ఊరికి ఇవాళ తెలిసింది అన్నారు.

నాకు చాలా తేలిగ్గా అనిపించింది. రాళ్ళ పొయ్యిలో వండిన పందిమాంసం మూడుసార్లు పెట్టించుకుని తిన్నాను.

ఎసేత తినలేదు. చర్చి నుంచి వచ్చినప్పటి నుంచీ నా కూతురు నా వైపు చూడలేదు.

జూలై 11

ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. ఎడమ కన్ను తీసేశారు.

ఎసేత స్తంభానికి గుద్దుకుంది. పెదవి చిట్లింది. మా ఇళ్ళకు గోడలుండవు, స్తంభాలే, చూసుకోకుండా పరుగెత్తితే తగలవా మరి. సులియా నా భార్య అయ్యుండీ పిల్లకు సర్దిచెప్పకుండా ఉప్పునీళ్ళ గిన్నె పట్టుకుని నా మొహం వంక చూస్తూ కూర్చుంది.

జూలై 12

ఎసేత స్తంభానికి గుద్దుకోలేదు.

జూలై 13

అబద్ధం రాయకూడదన్నారు గనుక రాస్తున్నాను. మొన్న ఎసేత నా ముందుకొచ్చి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఆదివారం నువ్వు చేసిన ప్రార్థన దేవుడు విన్నాడంటావా నాన్నా?"

"ఎందుకు వినడు?"

"మరి కన్నెందుకు పోయింది? నీ చేతులు చూసి చెవులు మూసుకున్నాడేమో."

బెల్టు తీశాను. ఎన్ని దెబ్బలో లెక్కపెట్టలేదు. ఆఖరిది కొక్కెం వైపు తగిలింది. ఇరవై ఏళ్ళ పిల్ల. చిన్నప్పుడు దానికి జ్వరమొస్తే, రాత్రంతా భుజాన వేసుకుని సముద్రం ఒడ్డున తిరిగేవాణ్ణి. దాని మీద ఉన్నంత ప్రేమ నాకు ఈ లోకంలో దేని మీదా లేదు. అది ఇక్కడ రాసుకోవచ్చు, అబద్ధం కాదు.

ఇంకో మాట. ఇయెలెమియాను కొట్టింది రెండు దెబ్బలు.

జూలై 14, శుక్రవారం

ఎడం చేతికి పదమూడు కుట్లు పడ్డాయి. నేను రాసేది కుడిచేత్తోనే గనుక పుస్తకానికి ఇబ్బంది లేదు.

పొద్దున తోటలో ఉండగా చెట్లు నరుకుతున్న చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే ఇయెలెమియా అన్న తోలో. నా కోకో చెట్లను నడుము ఎత్తున నరుకుతున్నాడు. కాయలన్నీ కింద పగిలి, తెల్లటి గుజ్జంతా మట్టిలో కలిసిపోయింది. అప్పటికే పద్దెనిమిది చెట్లు పడిపోయి ఉన్నాయి.

"ఆపరా, పంది కడుపున పుట్టినోడా!" అన్నాను.

"వచ్చావా డీకన్‌గారూ," అన్నాడు నవ్వుతూ. ఒళ్ళంతా చెమట. "ఇవి కూడా ప్రార్థన వేళ రోడ్డెక్కాయి. అందుకే కొడుతున్నా."

నా చేతిలోనూ కత్తి ఉంది. ఇద్దరం ఒకరి మీదకు ఒకరం వెళ్ళాం. వాడు మెడ మీదకు విసిరాడు, నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఎముక కనిపించింది. నొప్పి లేదు, వెచ్చగా మాత్రం అనిపించింది. వాడి జుట్టు పట్టుకుని నరికిన మొద్దుకేసి మొహం బాదాను. ముక్కు విరిగిన చప్పుడు విన్నాను. ఆ చప్పుడు నాకు బాగుంది. ప్రభువా, బాగుంది. పెటేలో వచ్చి నన్ను వెనక నుంచి పట్టి లాగకపోతే ఇంకో రెండుసార్లు బాదేవాణ్ణి, అప్పుడు ఈ పుస్తకం జైల్లో రాసుకునేవాణ్ణి.



జూలై 15

నాలుగు దెబ్బలు. రెండు కాదు.

జూలై 17, సోమవారం

మళ్ళీ సభ. డీకన్ మీద కత్తి ఎత్తినందుకు మకెలీత కుటుంబం మొత్తాన్ని ఊరి నుంచి వెళ్ళగొడతామన్నారు. ఇల్లు తగలబెట్టి, పందుల్ని చంపి, పడవ ఎక్కిస్తారట. లేదంటే నా ఇంటి ముందు చాపలు కప్పుకుని మోకరించాలి, నేను చాప ఎత్తితే ఉంటారు, ఎత్తకపోతే పోతారు. వాళ్ళ బతుకు నా చేతిలో పెట్టారు.

మా అన్నయ్య మా కుటుంబానికి పెద్ద. సభ నుంచి వస్తూ నా వీపు తట్టాడు. "వెంటనే లేవకు. ఎండెక్కనీ. ముసల్దాని మోకాళ్ళు కాస్త అరగనీ," అన్నాడు.

సరే అన్నాను.

జూలై 20, గురువారం

రెండు పళ్ళు లేవు, అయినా ఇవాళ అంతా రాస్తాను.

తెల్లవారకముందే సులియా నన్ను తట్టి లేపింది. "లే. వచ్చారు."

ఇంటి ముందు గులకరాళ్ళ మీద మూడు చాపలు, చాపల కింద ముగ్గురు మనుషులు. ముందర మకెలీత, వెనక తోలో, వాళ్ళ పినతండ్రి. వాళ్ళ ముందు కట్టెలు, పొయ్యిరాళ్ళు, అరిటాకులు పేర్చి ఉన్నాయి. మీకు ఇష్టమైతే మమ్మల్ని పందుల్లా కాల్చుకు తినండి అని దాని అర్థం. మా అన్న కొడుకులు నలుగురు కత్తులు పట్టుకుని ఇంటి అంచున కూర్చున్నారు. నేను కళ్ళతో సైగ చేస్తే చాలు, చాపల మీదే నరికేవాళ్ళు. అలా జరిగిన ఇళ్ళు నాకు తెలుసు.

నేను స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. ప్రార్థన చేసుకున్నాను. కోకో తాగాను. ఎండ వచ్చింది. మకెలీత చాప కింద నుంచి దగ్గు వినబడింది. తోలో చాప కింద మొహం దగ్గర నల్లటి చుక్కలు పడుతున్నాయి, విరిగిన ముక్కు మళ్ళీ కారుతోంది.

ఎసేత ఇంటి వెనక వైపు నాకు వీపు పెట్టి కూర్చుంది.

పెటేలో వచ్చాడు. "లేవయ్యా డీకనూ. ముసల్ది మాడిపోతోంది."

"నన్ను నరికినప్పుడు నీకింత జాలి రాలేదే?"

"వచ్చింది. ఆ ముక్కు పగలగొడుతున్నప్పుడూ వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేను చెవిటోణ్ణి కాదు లఫాయేలే. సోమవారం సంగతి అప్పట్నుంచీ నా గొంతులో ముల్లులా ఉంది. నువ్వు చెప్పకపోతే నేను చెబుతానని కాదు. నేను చెప్పను. నాకంత దమ్ము లేదు. అందుకే నిన్ను లేవమంటున్నా."

నేను లేవలేదు. న్యాయం నా వైపే ఉన్నట్టు కూర్చున్నాను. సరిగ్గా అప్పుడు ఎండ మకెలీత కప్పుకున్న చాప మీద పడింది. సన్న మొగలి చాప, బట్టలా మెత్తగా ఉండే రకం, ఒకటి నేయడానికి ఏళ్ళు పడుతుంది. అంచున ఎర్ర ఈకలు. మధ్యలో జానెడు మేర గోధుమరంగు మరక, ఎంత ఉతికినా పోనిది.

ఆ చాపను నేను ఎరుగుదును. ఆ సోమవారం వాడి చంకలో ఉంది. నేను మొదటి దెబ్బ వేసినప్పుడు వాడు తలకు బదులు దాన్నే కాపాడుకోవాలని చూశాడు.

ఇక దాచేదేముంది. ఆ ముందు ఆదివారమే మకెలీత కబురు పంపింది. రేపు ప్రార్థనకు ముందు మా వాడు మీ ఇంటికొస్తాడు, ఎసేత గురించి మాట్లాడతాడు, కాదనకండి అని. న్యూజీలాండు తోటల్లో ఆపిల్ పళ్ళు కోసి వచ్చాడు, చేతికి వాచీ పెట్టుకున్నాడు, ఇప్పుడు నా కూతుర్ని అడుగుతాడు. అంతకు నెల ముందు ఈ పాక వెనకే ఇద్దరినీ చూశాను. తప్పేమీ చేయడం లేదు. ఎసేత నవ్వుతోంది, అంతే. అది అలా నవ్వగా ఎప్పుడు విన్నానో నాకు గుర్తుకు రాలేదు. మా ఇంట్లో అది అలా నవ్వదు. అందుకే వాణ్ణి చంపాలనిపించింది.

సోమవారం ఐదూ నలభై ఐదుకు మొదటి శంఖం ఊదాను. రెండోది ఆరింటికి ఊదాలి. దూరంగా వాడు చాపతో వస్తూ కనిపించాడు. మా ఇంటికి ఇంకా రెండు వందల అడుగులు ఉంటుంది. నేను ఊపిరి పీల్చుకుని రెండోది ఊదేశాను. దేవుని శంఖాన్ని నా ఉచ్చుగా వాడుకున్నాను. తర్వాత కర్ర తీసుకుని ఎదురెళ్ళాను.

"ఇంకా కాలేదు డీకన్‌గారూ," అన్నాడు. వాచీ ఉన్న చెయ్యి ఎత్తి చూపించాడు. ఆ చేతి మీదే కొట్టాను. "ఇంకా కాలేదు," అన్నాడు మళ్ళీ. పడబోతూ ఇంకోసారి అన్నాడు. ఒక్కటీ కాదు, రెండూ కాదు, నాలుగూ కాదు. ఏడు. ఐదోది కంటికి తగిలింది. ఆరూ ఏడూ వాడు కింద పడ్డాక.

చాప మీద మరక చూస్తుంటే ఇదంతా వరసగా వచ్చింది. నేను కత్తి తీసుకుని కిందికి దిగాను. మా అన్న కొడుకులు కూడా లేచారు, సైగ వచ్చిందనుకున్నారు. నేను కత్తిని కట్టెల మీద పడేసి, మోకాళ్ళ మీద వంగి, మకెలీత చాప అంచు ఎత్తి దాని కిందకు దూరాను.

లోపల సబ్బు వాసన, చెమట వాసన. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. "నన్ను నరుకు. తోలోని వదిలెయ్. ఉన్నోళ్ళలో రెండు కళ్ళున్న కొడుకు వాడొక్కడే," అంది.

"మకెలీతా, నేను రెండో శంఖం ముందే ఊదాను. కావాలని. వాడి కోసమే."

ఆమె కళ్ళు తెరిచింది. అర్థం కాలేదేమో, మళ్ళీ చెప్పాలేమో అనుకుంటుండగా ఆమె చెయ్యి పొయ్యిరాళ్ళ వైపు పోయింది. పిడికెడు రాయి. నోటి మీద కొట్టింది. చాప కింద చోటు లేదు గనుక ముందు అంత గట్టిగా తగల్లేదు. రెండోసారి మోచెయ్యి ఎత్తి కొట్టింది. పళ్ళు నాలుక మీద పడ్డాయి. అన్న కొడుకులు పరుగెత్తుకొచ్చారు. "ఎవడూ ముట్టుకోవద్దు!" అని రక్తం కక్కుతూ అరిచాను. తర్వాత చాప నెట్టేసి ఆ గులకరాళ్ళ మీదే నిలబడి ఊరందరూ వినేలా అదే మాట మళ్ళీ చెప్పాను. శంఖం, వాచీ, ఏడు దెబ్బలు, ఎసేత పెదవి కూడా.

పెటేలో నేల చూస్తున్నాడు.

ఎసేత వచ్చింది. మకెలీత మీది చాప తీసి మడిచి చంకలో పెట్టుకుంది. తోలోను చెయ్యి పట్టి లేపింది. ముసలామె మోకాళ్ళకు అంటుకున్న రాళ్ళు ఒక్కొక్కటీ ఏరి పారేసింది. ముగ్గురినీ తీసుకుని వెళ్ళిపోయింది. నా పక్క నుంచే వెళ్ళింది.

జూలై 21

డీకన్ పని పోయింది. శంఖం పెటేలోకి ఇచ్చారు. మకెలీత మీద వేసిన శిక్షలన్నీ తీసేశారు. నా కోసం మోకరించడానికి అన్నయ్య ఒప్పుకోలేదు. "శంఖం ఊదింది నువ్వు, కుటుంబం కాదు. చాప కప్పుకోవడానికి మా నెత్తులు దొరికాయా నీకు?" అన్నాడు.

పాస్టరుగారు చాలాసేపు కూర్చున్నారు. "నేను నీ ప్రార్థనకు మురిసిపోయాను కదయ్యా," అని ఆయనే కళ్ళు తుడుచుకున్నారు. క్షమించమని దేవుణ్ణి అడిగానన్నాను. "ఆయన్ని తర్వాత అడుగుదువు గానీ, ముందు రోడ్డు దాటి మకెలీత ఇంటికి వెళ్ళు," అన్నారు.

సులియా పరుపు కింద నుంచి తన చాప తీసి నా ముందు పడేసింది. "మా అమ్మ నేసింది. మురికి చెయ్యకు."

పదహారో తారీఖున సులియా మోచేతికి తగిలిన దెబ్బ ఇక్కడ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

జూలై 22

మకెలీత ఇంటి ముందు ఒక్కణ్ణే. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా. తోలో నాలుగు రాళ్ళు విసిరాడు, ఒకటి వెన్నుకు తగిలింది. చాప ఎవరూ ఎత్తలేదు.

జూలై 24

ఎవరూ ఎత్తలేదు. ఎసేత ఆ ఇంట్లోనే ఉంది, గొంతు వినిపించింది.

జూలై 25

తోలో కుండెడు వేడినీళ్ళు తెచ్చి చాప మీద పోశాడు. వీపు బొబ్బలెక్కింది. నేను లేచి వాడి గొంతు పట్టుకున్నాను. పట్టుకున్నాను, అంతలో వదిలేశాను. వదిలేశాను గనుక మంచివాణ్ణయిపోయానని రాయబోయి కొట్టేస్తున్నాను. పట్టుకున్నాను.

జూలై 26

ఎవరూ ఎత్తలేదు.

జూలై 28, శుక్రవారం

నిన్న మధ్యాహ్నం ఓడలో ఇయెలెమియా వచ్చాడు. చాప కింద ఉన్నవాడికి పాదాలే కనిపిస్తాయి. కొత్త చెప్పులు, మెల్లగా పడుతున్న అడుగులు. పక్కన ఎసేత పాదాలు. నా ముందు ఆగాయి.

వాడు వంగి చాప అంచు ఒకవైపు ఎత్తాడు. ఎడమ కంటి మీద తెల్లటి గుడ్డ ఉంది. మొహం సగానికి చిక్కిపోయింది. చేతికి అదే వాచీ. అద్దం పగిలింది, ముళ్ళు ఐదూ నలభై ఎనిమిది దగ్గర ఆగిపోయి ఉన్నాయి. ఆసుపత్రిలో అన్నాళ్ళూ తీయలేదట.

"టైమెంతైంది డీకన్‌గారూ?" అన్నాడు.

"ఇంకా ఆరు కాలేదు."

"ఆ రోజు నేనేమన్నా?"

"ఇంకా కాలేదు అన్నావు."

"ఎన్నిసార్లన్నా?"

"మూడు."

"మీరెన్ని కొట్టారు?"

"ఏడు."

వాడు తల ఊపాడు. సరిపోయిందన్నట్టు. "నాకు ఐదు వరకే గుర్తు. ఇన్నాళ్ళూ మిగిలినవి కలొచ్చాయేమో అనుకున్నా." చాప అంచు వదిలేశాడు. మళ్ళీ చీకటి. పాదాలు లోపలికి వెళ్ళిపోయాయి.

వాడు కొట్టి ఉంటే బాగుండేది. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. వీపు మీద బొబ్బలు చితికి చాపకు అంటుకున్నాయి. సులియా ఏమంటుందో అనుకున్నాను. ఎసేతను పిలవాలనిపించింది, పిలవలేదు. నన్ను క్షమించరని అర్థమైంది. అది వాళ్ళ హక్కు. లేచి వెళ్ళిపోవడానికి మాత్రం కాళ్ళు రాలేదు.

పెటేలో మొదటి శంఖం ఊదాడు. వాడి ఊదుడు దరిద్రంగా ఉంటుంది, ముక్కుతో ఊదినట్టు. పిల్లల్ని పిలుస్తున్న కేకలు, గిన్నెల చప్పుళ్ళు, తర్వాత ఊరంతా సద్దుమణిగింది. కావలివాళ్ళు కర్రలతో రోడ్డు మీదకు వస్తున్న అడుగులు విన్నాను. ఒకప్పుడు నా అడుగులు. పెటేలో తొందరపడలేదు. పదిహేను నిమిషాలు ఇంత పొడుగని నాకు తెలియదు.

గులకరాళ్ళ మీద చప్పుడైంది. చాప మొత్తం నా మీద నుంచి లేచిపోయింది. చర్మం కూడా కాస్త దానితో పోయింది. ఇయెలెమియా చాప పట్టుకుని ఒంటికన్నుతో నన్ను చూస్తూ నిలబడ్డాడు. వాడి మొహంలో ప్రేమ లేదు. అబద్ధం రాయను, లేదు.

"లోపలికి రండి," అన్నాడు. "రెండోది ఊదబోతున్నారు. బయటుంటే కొడతారు."

లేవడానికి రెండు చేతులూ నేలకు ఆనించాను. వాడే చంకల కింద చేతులు వేసి లేపాడు. ఇంటి అంచున తోలో పక్కకు జరిగాడు, ఉమ్మేసి జరిగాడు. మకెలీత నేత ఆపి ఒక చాప ముక్క నేల మీదకు తోసింది. ఎసేత నా వీపు చూసి నీళ్ళ గిన్నె తేవడానికి లేచింది.

రెండో శంఖం వినిపించినప్పుడు నేను ఆ ఇంట్లో మోకరించి ఉన్నాను, ఇయెలెమియా పక్కన, వాడికి కనబడని కన్ను వైపు.